కలిపిన ఆకృతులను విడదీయడం: గ్రూప్, కంబైన్, యూనియన్ అనే మూడు వేర్వేరు పనులు

మీరు అడిగినదాంట్లో రెండు సమస్యలు ఉన్నాయి. మొదటిది, గీతలతో బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక పెద్ద వృత్తం, దాని మీద ఒక చిన్న వృత్తం గీసి రెంటినీ కంబైన్‌తో కలిపి వలయం చేశారు. తరువాత వలయం మందం మార్చడానికి విడదీయబోతే అన్‌గ్రూప్ పనిచేయలేదు, బ్రేక్ అపార్ట్ నొక్కితే వలయం పోయి నిండు నల్లని బిళ్ల మిగిలింది. రెండవది, వలయం లోపల విసనకర్రలా అమర్చిన మూడు ఆకులను యూనియన్ చేసి, ఫైలును భద్రపరిచి మూసేశారు; ఇప్పుడు మధ్య ఆకును మాత్రం కొద్దిగా పక్కకు జరపాలి, కానీ అది విడిగా పట్టుకు రావడం లేదు. మొదటి సమస్యలో మీరు పోగొట్టుకున్నది ఏమీ లేదు, రెండు మీటలతో అంతా తిరిగి వస్తుంది. రెండవదానిలో కొంత నిజంగానే పోయింది. దాన్ని రాబట్టలేము గాని, చూసేవారికి తేడా తెలియకుండా మళ్లీ గీసుకోవచ్చు.

ఈ రెండింటి మధ్య తేడా ఎందుకు వచ్చిందో తెలియాలంటే, మనం వాడుకలో "కలపడం" అనే ఒక్క మాటతో సరిపెట్టుకునే పని సాఫ్ట్‌వేర్ దృష్టిలో మూడు వేర్వేరు పనులని గుర్తించాలి. గ్రూప్ చేసినప్పుడు వస్తువులన్నీ ఒక మూటలోకి వెళ్తాయి, అంతే. మూటలోని ప్రతి వస్తువు తన ఆకారం, రంగు, గీత మందం తనతోనే ఉంచుకుంటుంది. కంబైన్ చేసినప్పుడు మూట ఉండదు; రెండు పాత్‌లు, అంటే బిందువుల గుండా నడిచే అంచు గీతలు, కలిసి ఒకే పాత్ అవుతాయి, ఒకే రంగు పంచుకుంటాయి, కానీ ఒక్కొక్క దాని అంచు గీత మాత్రం ఎక్కడా తెగకుండా, ఒక్క నోడ్ (గీతను పట్టి ఉంచే బిందువు) కూడా మారకుండా సబ్‌పాత్‌గా, అంటే పాత్‌లో ఒక విడి గీతగా, లోపల మిగిలే ఉంటుంది. యూనియన్ చేసినప్పుడు మాత్రం సాఫ్ట్‌వేర్ రెండు అంచులూ ఎక్కడెక్కడ ఖండించుకుంటున్నాయో లెక్కగట్టి, ఆ బిందువుల దగ్గర గీతలను తెంపి, లోపలికి పడిన ముక్కలను పారేసి, బయటి ముక్కలను కుట్టి కొత్త అంచు తయారుచేస్తుంది. పారేసిన ముక్కలు ఫైలులో ఇక ఎక్కడా ఉండవు.

ఈ మాటను ఎస్‌వీజీ ఫైలు, అంటే ఇంక్‌స్కేప్ బొమ్మను భద్రపరిచే ఫైలు, తెరిచి చూస్తే కంటితోనే పోల్చుకోవచ్చు. ఎడిట్ మెనూలోని ఎక్స్‌ఎంఎల్ ఎడిటర్‌లో గ్రూప్ అనేది "జి" అనే గుర్తుగా, దాని కింద పిల్లలుగా వస్తువులతో కనిపిస్తుంది. కంబైన్ చేసినది ఒకే పాత్‌గా కనిపిస్తుంది, కానీ దాని "డి" అనే వరుసలో "ఎం" అక్షరం రెండుసార్లు వస్తుంది. "ఎం" అంటే కలం ఎత్తి కొత్త చోట పెట్టమని ఆదేశం, కాబట్టి ఎన్నిసార్లు కలం ఎత్తితే అన్ని సబ్‌పాత్‌లు. ఒకదానిపై ఒకటి కొంత ఎక్కిన ఆకృతులను యూనియన్ చేసినప్పుడు సాధారణంగా ఒకే "ఎం" ఉంటుంది. ప్రతిసారీ ఇంత లోతుకు వెళ్లనక్కరలేదు. వస్తువును ఎంచుకుని కిటికీ అడుగున ఉన్న స్టేటస్ బార్ చదివితే అది గ్రూపా, పాతా, పాతైతే ఎన్ని నోడ్‌లున్నాయి అన్నది అక్కడే రాసి ఉంటుంది. విడదీసే మీట నొక్కే ముందు ఆ ఒక్క వరుస చదవడం అలవాటు చేసుకుంటే సగం గందరగోళం ఉండదు. గ్రూప్ అని ఉంటే అన్‌గ్రూప్, పాత్ అని ఉంటే బ్రేక్ అపార్ట్. మీ వలయం పాత్ గనుక అన్‌గ్రూప్‌కు విప్పడానికి అక్కడ మూట లేదు.

ఇక నల్లని బిళ్ల సంగతి. బ్రేక్ అపార్ట్ మీ చిన్న వృత్తాన్ని చెరపలేదు. అది పెద్ద వృత్తం మీదనే, అదే నలుపు రంగుతో, నల్ల బల్ల మీద నల్ల నాణెంలా ఉంది. బిళ్ల మధ్యలో క్లిక్ చేసి రంగు మార్చి చూడండి, చిన్న వృత్తం బయటపడుతుంది. కావలసిన కొలతకు దాన్ని పెంచో తగ్గించో, రెంటినీ ఎంచుకుని మళ్లీ కంబైన్ చేస్తే కొత్త మందంతో వలయం సిద్ధమవుతుంది. అసలు విడదీయకుండానే కూడా ఈ పని చేయవచ్చు: నోడ్ పరికరంతో లోపలి వృత్తం నోడ్‌లను మాత్రమే ఎంచుకుని, కంట్రోల్ పట్టుకుని కోణపు బాణం వంటి చిహ్నాలను లాగితే లోపలి అంచు మాత్రమే మారుతుంది. నోడ్‌ల మీద ఆ చిహ్నాలు కనిపించాలంటే పైన పరికరాల పట్టీలో రూపాంతర హ్యాండిల్స్ చూపమనే బొత్తం నొక్కి ఉండాలి.

అయితే మీరు అడగని ప్రశ్న ఒకటి దీని వెనక ఉంది, దాన్ని వదిలితే ఈ చిక్కు మళ్లీ వస్తుంది. రంధ్రం అంటే ఏమిటి? వెక్టర్ బొమ్మలో, అంటే గీతలతో గీసిన బొమ్మలో, రంధ్రం అనే వస్తువు లేదు. ఉన్నవి గీతలు, ఆ గీతల మధ్య ఏ చోటు లోపల, ఏ చోటు బయట అని తేల్చే ఒక నియమం. రంధ్రం ఆ నియమం ఇచ్చే తీర్పు మాత్రమే. ఒక పాత్‌లోని సబ్‌పాత్‌లకే ఆ తీర్పు వర్తిస్తుంది. రెండు వృత్తాలు ఒకే పాత్‌లో ఉన్నంత కాలం మధ్య చోటు "బయట" అని తీర్పు వచ్చింది. విడిపోయాక ఎవరి లెక్క వారిదే, కాబట్టి ఎవరికి వారు నిండుగా రంగు వేసుకున్నారు.

ఈ నియమాలు రెండు. 1980లలో పేజీలను అచ్చువేయడానికి వచ్చిన పోస్ట్‌స్క్రిప్ట్ భాషలోనే రెండూ ఉన్నాయి, 2001లో ప్రమాణంగా వెలువడిన ఎస్‌వీజీలోనూ అవే ఉన్నాయి. మొదటిది సరి-బేసి నియమం: ఏదైనా బిందువు నుంచి బయటికి ఒక సరళరేఖ లాగి, అది ఎన్ని గీతలను దాటిందో లెక్కపెట్టాలి, బేసి అయితే లోపల, సరి అయితే బయట. తెలుగు సున్న "ం" తీసుకోండి. సున్న మధ్య నుంచి రేఖ లాగితే లోపలి వృత్తాన్ని ఒకసారి, బయటి వృత్తాన్ని ఒకసారి, మొత్తం రెండుసార్లు దాటుతుంది. రెండు సరిసంఖ్య, కాబట్టి అక్కడ తెల్లగా ఉంటుంది. "ఠ" అక్షరంలో గుండ్రని భాగం మధ్య ఒక చుక్క ఉంటుంది; ఆ చుక్కలోంచి లాగితే మూడు గీతలు దాటాలి, మూడు బేసి, కాబట్టి చుక్క నల్లగా నిలుస్తుంది. రెండవ నియమంలో గీత ఏ దిక్కుగా నడుస్తోందన్నది కూడా లెక్కలోకి వస్తుంది: ఎడమ నుంచి కుడికి దాటే గీతకు ఒకటి కలిపి, కుడి నుంచి ఎడమకు దాటే గీతకు ఒకటి తీసివేసి, మిగిలినది సున్నా అయితే బయట, సున్నా కాకపోతే లోపల అంటారు. ఈ లెక్కలో రెండు వృత్తాలూ ఒకే దిక్కుగా తిరుగుతుంటే మధ్యలో రెండు వస్తుంది, సున్నా కాదు, రంధ్రం రాదు. ఎదురెదురు దిక్కులుగా తిరిగితేనే సున్నా వచ్చి రంధ్రం ఏర్పడుతుంది.

ఈ రెండవ నియమమే ఎస్‌వీజీలో సహజంగా వర్తించేది. సరి-బేసి కావాలంటే ఫైలులో ప్రత్యేకంగా చెప్పాలి. అందుకే ఒక సాఫ్ట్‌వేర్‌లో చక్కగా ఉన్న రంధ్రం మరొకదానిలో తెరిచేసరికి పూడుకుపోవడం జరుగుతుంది. ఇంక్‌స్కేప్‌లో ఫిల్ అండ్ స్ట్రోక్ పెట్టెలో ఫిల్ పేజీ కుడి మూల ఉన్న రెండు చిన్న బొత్తాలు ఈ నియమాన్ని మార్చేవే. ఇల్లస్ట్రేటర్ అనే మరో బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో ఇవి అట్రిబ్యూట్స్ ప్యానెల్‌లో ఉంటాయి. మీ బొమ్మ ఇతరుల చేతికి వెళ్లేదైతే నియమం మీద ఆధారపడకుండా దిక్కునే సరిచేయమని నా సలహా. నోడ్ పరికరంతో లోపలి వృత్తంలో ఒక నోడ్ ఎంచుకుని పాత్ మెనూలో రివర్స్ నొక్కితే ఆ సబ్‌పాత్ నడక ఎదురు తిరుగుతుంది. దిక్కులు ఎదురుగా ఉన్న వలయం రెండు నియమాలలోనూ వలయంగానే కనిపిస్తుంది. ఫాంట్లు తయారుచేసేవారు ఈ జాగ్రత్త ఎప్పటి నుంచో పాటిస్తున్నారు: ట్రూటైప్ ఫాంట్లలో బయటి అంచు గడియారం ముల్లు తిరిగే దిక్కుగా, లోపలి అంచు దానికి ఎదురుగా నడుస్తుంది, పోస్ట్‌స్క్రిప్ట్ రకం ఫాంట్లలో ఇది తలకిందులు.

అక్షరాల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. తెలుగు మాటను పాత్‌గా మార్చి, తొందరలో మొత్తం మీద బ్రేక్ అపార్ట్ నొక్కితే సున్నలన్నీ బిళ్లలవుతాయి, "ర", "ఠ", "ధ" వంటి అక్షరాల కడుపులన్నీ నిండిపోతాయి. ఇంక్‌స్కేప్‌లో ఆబ్జెక్ట్ టు పాత్ చేసినప్పుడు అక్షరాలు ఒక గ్రూపులో విడివిడి పాత్‌లుగా వస్తాయి. అక్కడ వాడాల్సింది అన్‌గ్రూప్, ఒక్కసారే. అంతకు మించి, అంటే వత్తును అక్షరం నుంచి వేరుచేయడం వంటిది కావాలంటే, ఇటీవలి ఇంక్‌స్కేప్ రూపాల్లో పాత్ మెనూలో స్ప్లిట్ పాత్ అని ఉంటుంది. అది ఒకదానికొకటి తగలని దీవులను మాత్రమే విడదీసి, ఏ దీవి రంధ్రాన్ని ఆ దీవితోనే ఉంచుతుంది. బ్రేక్ అపార్ట్ చేసి, ఏ కడుపు ఏ అక్షరానిదో వెతికి ఒక్కొక్కటిగా కంబైన్ చేసే తిప్పలు అది తప్పిస్తుంది.

అడ్డదారి మీటల విషయంలో ఒక తమాషా ఉంది, తెలియకపోతే బాధ కూడా. ఇంక్‌స్కేప్‌లో కంట్రోల్-కె కంబైన్. ఇలాంటిదే మరో సాఫ్ట్‌వేర్ కోరెల్‌డ్రాలో అదే కంట్రోల్-కె బ్రేక్ అపార్ట్, అంటే సరిగ్గా ఎదురు పని. కోరెల్‌లో కంబైన్‌కు కంట్రోల్-ఎల్. ఇంక్‌స్కేప్‌లో కంట్రోల్-ఎల్ నొక్కితే సింప్లిఫై, అంటే నోడ్‌లను తగ్గించే పని, జరిగి మీ వంపులు కరిగిపోతాయి. ఇల్లస్ట్రేటర్‌లో కంట్రోల్-కె సెట్టింగుల పెట్టెను తెరుస్తుంది, కంపౌండ్ పాత్ (అక్కడి కంబైన్) చేయడానికి కంట్రోల్-8. ఒకదాని నుంచి మరొకదానికి మారేవారు మొదటి నెల మెనూలోంచే నొక్కడం మేలు. పేర్లు కూడా ఊరికొకటిగా ఉన్నాయి: ఇంక్‌స్కేప్ యూనియన్‌ను కోరెల్ వెల్డ్ అంటుంది, ఇల్లస్ట్రేటర్ పాత్‌ఫైండర్ ప్యానెల్‌లో యునైట్ అంటుంది.

ఇప్పుడు అంచులను తెంపి కుట్టే పనుల గురించి. 19వ శతాబ్దపు గణితవేత్త జార్జ్ బూల్ పేరు మీద వీటిని బూలియన్ పనులు అంటారు. యూనియన్ చెప్పుకున్నాం. ఇంటర్‌సెక్షన్ రెండింటికీ ఉమ్మడిగా ఉన్న చోటును మాత్రమే మిగులుస్తుంది. డిఫరెన్స్ పైనున్న ఆకృతిని అచ్చులా వాడి కిందిదాన్ని కోస్తుంది. నెలవంక కావాలంటే పెద్ద వృత్తం మీద మరో వృత్తం పక్కకు జరిపి పెట్టి డిఫరెన్స్ చేస్తే చాలు. ఇక్కడ ఏది పైన, ఏది కింద అన్నది ఫలితాన్నే మార్చేస్తుంది, కాబట్టి నెలవంకకు బదులు మీరు ఊహించని ముక్క మిగిలితే వరుస తారుమారైందని అర్థం. అన్‌డూతో ఆ కోతను వెనక్కి తీసుకుని, పైదాన్ని పేజ్ డౌన్ మీటతో కిందికి దించి మళ్లీ చేయాలి. కోతకు వాడే ఆకృతులు పలు ఉంటే ముందు వాటిని తమలో తాము యూనియన్ చేసి, ఆ ఒక్కదానితో కోయడం శుభ్రమైన పద్ధతి. డివిజన్ కింది ఆకృతిని పై ఆకృతి అంచు వెంట ముక్కలుగా చేసి ఏ ముక్కనూ పారేయదు. కట్ పాత్ అంచు గీతను మాత్రమే తెంపి, రంగు తీసేసి, తెరిచిన గీతలుగా వదిలేస్తుంది.

ఎక్స్‌క్లూషన్ గురించి మాత్రం కాస్త ఆగాలి, ఎందుకంటే చాలామంది దాన్నీ కంబైన్‌నూ ఒకటే అనుకుంటారు. ఒకదానిపై ఒకటి సగం ఎక్కిన రెండు వృత్తాలను సరి-బేసి నియమంతో కంబైన్ చేసినా, ఎక్స్‌క్లూషన్ చేసినా తెర మీద కనిపించేది ఒకటే: ఉమ్మడి చోటు ఖాళీ, మిగతాది రంగు. కానీ కంబైన్‌లో రెండు వృత్తాలూ పూర్తి వృత్తాలుగానే ఉంటాయి, బ్రేక్ అపార్ట్‌తో ఎప్పుడైనా బయటికి వస్తాయి. ఎక్స్‌క్లూషన్‌లో ఖండన బిందువుల దగ్గర కొత్త నోడ్‌లు పుట్టి, గీతలు అక్కడ తెగి ఉంటాయి. బ్రేక్ అపార్ట్ చేస్తే మీకు వృత్తాలు రావు, ఖండన బిందువుల దగ్గర తెగి తిరిగి కుట్టిన అంచులు వస్తాయి. కంటికి ఒకటిగా ఉన్నవి చేతికి ఒకటి కాకపోవడం వెక్టర్ పనిలో ఇంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు. తేడా తెలుసుకోవాలంటే అవుట్‌లైన్ చూపులోకి వెళ్లి నోడ్ పరికరంతో క్లిక్ చేయండి. వ్యూ మెనూలో డిస్‌ప్లే మోడ్ కింద అవుట్‌లైన్ ఉంటుంది, ఇల్లస్ట్రేటర్‌లో కంట్రోల్-వై. రంగులన్నీ పోయి గీతలు మాత్రమే మిగిలిన ఆ చూపును నేను బొమ్మ ఎక్కడికైనా పంపే ముందు తప్పనిసరిగా చూస్తాను.

దీనికి కారణం ఒక పాత అనుభవం. ఒకసారి పెద్ద అక్షరాల పేరును అంటుకునే రేకులో కోయించడానికి ఫైలు పంపాను. అక్షరాలు ఒకదానిపై ఒకటి కొంత ఎక్కేలా, ఒకే ముక్కగా కనిపించేలా అమర్చి గ్రూప్ చేసి వదిలేశాను. తెర మీద, కాగితం మీద అది ఒకే మాటగా కనిపించింది. కోసే యంత్రానికి రంగు తెలియదు, అది గీత వెంట కత్తి నడుపుతుంది. అక్షరాలు ఎక్కిన ప్రతి చోటా అడ్డంగా కోసి, పేరును ముక్కలు ముక్కలుగా ఇచ్చింది. అక్కడ కావలసింది గ్రూప్ కాదు, కంబైన్ కూడా కాదు. సరి-బేసి నియమంతో కంబైన్ చేసి ఉంటే ఎక్కిన చోట్ల తెల్లని కంతలు కూడా తోడయ్యేవి. కావలసింది యూనియన్. అచ్చుకు పోయే బొమ్మలో గ్రూప్ చాలు, కోతకు పోయే బొమ్మలో యూనియన్ తప్పదు. ఒక ఆకృతిని మరొకదానితో కత్తిరించినట్లు చూపించడం మాత్రమే కావాలంటే క్లిప్ పెట్టడం ఇంకా సులువు, ఎప్పుడైనా విడుదల చేయవచ్చు. కానీ క్లిప్ వెనక దాగిన గీతను కూడా కోత యంత్రాలు చూసే ప్రమాదం ఉంది.

బూలియన్ పనులు గీత మందాన్ని పట్టించుకోవన్నది కూడా ఇక్కడే చెప్పాలి. మీ వలయాన్ని మందమైన స్ట్రోక్ (అంచు గీత) గల ఒకే వృత్తంగా గీసి ఉంటే, చూడటానికి వలయమే, లెక్కకు నిండు వృత్తం. దానితో నక్షత్రాన్ని యూనియన్ చేస్తే వలయం మధ్య చోటంతా కలిసిపోతుంది. ముందు స్ట్రోక్ టు పాత్ చేసి గీతను రంగు నిండిన ఆకృతిగా మార్చాలి, కోరెల్‌లో దానికి కన్వర్ట్ అవుట్‌లైన్ టు ఆబ్జెక్ట్ అని పేరు. అలాగే కొసలు కలవని తెరిచిన గీతను బూలియన్ పనిలో పెడితే, సాఫ్ట్‌వేర్ ఆ రెండు కొసలనూ సరళరేఖతో మూసినట్టు భావించి లెక్క చేస్తుంది. ఎక్కడి నుంచో ఒక అడ్డగీత వచ్చిపడింది అనిపిస్తే మూలం అదే. ఆబ్జెక్ట్ క్లోన్, అంటే అసలుదానితో లంకె ఉన్న నకలు, అయితే షిఫ్ట్-ఆల్ట్-డి తో ముందు లంకె తెంపాలి.

ఫలితం రంగు ఎవరిదవుతుందన్నది కూడా సాఫ్ట్‌వేర్‌ను బట్టి మారుతుంది. ఇంక్‌స్కేప్ యూనియన్‌లో అడుగున ఉన్నదాని రంగు నిలుస్తుంది, ఇల్లస్ట్రేటర్ యునైట్‌లో పైనున్నదానిది. కలిపాక రంగు వేసుకోవడమే సుఖం.

కలిపిన తరువాత వచ్చే చిక్కులలో నన్ను ఎక్కువసార్లు అడిగేది సన్నని తెల్ల గీత గురించి. డివిజన్‌తో ఒక ఆకృతిని రెండుగా కోసి, రెండింటికీ ఒకే నలుపు వేసి, పక్కపక్కనే ఉంచితే మధ్యలో వెంట్రుక మందాన తెల్లని గీత కనిపిస్తుంది. అంచులు అణువంత కూడా ఎడం లేకుండా అతికి ఉన్నా అది కనిపిస్తుంది. తెర మీది ఒక పిక్సెల్‌ను అంచు సరిగ్గా సగానికి చీల్చిందనుకోండి. మొదటి ముక్క ఆ పిక్సెల్‌కు 50 శాతం నలుపు వేస్తుంది. రెండవ ముక్క మిగిలిన తెలుపులో 50 శాతాన్ని మాత్రమే కప్పుతుంది. మొత్తం 75 శాతం నలుపు, 25 శాతం వెనకటి తెలుపు. ఆ 25 శాతమే మీరు చూసే గీత. ఇది మీ గీతలో తప్పు కాదు, తెర రంగు కలిపే తీరు. రెండు ముక్కలు ఒకే రంగులో ఉండాల్సినవైతే యూనియన్ చేసేయండి. వేరువేరు రంగులైతే కింది ముక్కను పైదాని అడుగుకు కొంచెం చొచ్చుకుపోయేలా పెంచండి.

దీనికి ఎదురు చిక్కు కూడా ఉంది. రెండు చతురస్రాలను అంచుకు అంచు ఆనించి యూనియన్ చేస్తే ఒక్కోసారి అవి కలవవు, లేదా మధ్యలో పీచులాంటి సన్నని చీలిక మిగులుతుంది. ఈ సాఫ్ట్‌వేర్‌లు వంపులు గీయడానికి వాడే క్యూబిక్ బెజియర్ వంపులు రెండు గరిష్ఠంగా 9 చోట్ల ఖండించుకోవచ్చు. ఆ బిందువులను సాఫ్ట్‌వేర్ దశాంశాలలో దగ్గరదగ్గరగా లెక్కగడుతుందే తప్ప ఖచ్చితంగా కాదు. అంచులు దాదాపు ఒకదానిపై ఒకటి పరుచుకున్నప్పుడు ఆ లెక్క తడబడుతుంది. అందువల్ల కలపబోయే ఆకృతులను ఆనించకండి, ఎక్కించండి. చీలికలు ఇప్పటికే వచ్చి ఉంటే నోడ్ పరికరంతో చూసి, పక్కపక్కనే గుంపుకట్టిన అదనపు నోడ్‌లను చేత్తో తొలగించండి. ఒకే మీటతో శుభ్రం చేస్తుందని సింప్లిఫైని ఆశ్రయించేవారున్నారు. అది పదునైన మూలలను, కొలిచి గీసిన వృత్తపు చాపాలను కూడా సవరించేస్తుంది కాబట్టి ముద్రలు, చిహ్నాల వంటి బొమ్మలకు నేను దాన్ని వాడను.

విడదీయగలిగేలా కలపడం కూడా సాధ్యమే. ఇల్లస్ట్రేటర్ పాత్‌ఫైండర్ ప్యానెల్‌లో పై వరుస బొత్తాలను ఆల్ట్ పట్టుకుని నొక్కితే కంపౌండ్ షేప్ అవుతుంది. బయటికి యూనియన్‌లా కనిపిస్తూనే లోపల అసలు ఆకృతులు జరపడానికి వీలుగా ఉంటాయి, ప్యానెల్ మెనూలో విడుదల చేయవచ్చు, పని పూర్తయ్యాక ఎక్స్‌పాండ్ చేసి స్థిరపరచవచ్చు. అఫినిటీ డిజైనర్‌లోనూ ఆల్ట్ మీటతో ఇదే తీరు. ఫిగ్మాలో బూలియన్ పనులన్నీ మొదటి నుంచీ ఇలా సజీవంగానే ఉంటాయి, ఫ్లాటెన్ నొక్కితేనే కుదిరిపోతాయి. ఇంక్‌స్కేప్‌లో పాత్ ఎఫెక్ట్స్‌లో బూలియన్ ఆపరేషన్ ఉంది. రెండు ఆకృతులకు బాగానే పనిచేస్తుంది, ఎక్కువైతే నాకు చిరాకు తెప్పిస్తుంది. 2010లో ఇల్లస్ట్రేటర్ సీఎస్5తో వచ్చి, 2023లో ఇంక్‌స్కేప్ 1.3లోకి కూడా చేరిన షేప్ బిల్డర్ పరికరం చాలా హాయిగా ఉంటుంది. ఎక్కిన ఆకృతుల మీద గీత లాగితే ఆ గదులన్నీ కలిసిపోతాయి, అక్కరలేని గదిని తీసేయవచ్చు. కానీ హాయిగా ఉన్నంత మాత్రాన అది అసలు ఆకృతులను దాచి ఉంచదు. ఆ పరికరం వాడే ముందు కూడా ఒక నకలు పక్క లేయర్‌లో, కనిపించకుండా మూసి పెట్టుకోండి.

చివరగా మీ ఆకులు. ఫైలు మూసేశారు కాబట్టి అన్‌డూ చరిత్ర పోయింది. ఎస్‌వీజీలో అది భద్రం కాదు. బ్రేక్ అపార్ట్ వల్ల ఫలితం లేదు, ఒకే సబ్‌పాత్‌ను అది ఎలా విడదీస్తుంది? ముందుగా పాత నకలు ఏదైనా ఉందేమో, ఇంక్‌స్కేప్ సెట్టింగులలో ఆటోసేవ్ తెరిచి ఉంటే ఆ ఫోల్డర్‌లో ఏమైనా మిగిలిందేమో చూడండి. లేకపోతే ఇలా చేయండి. కంట్రోల్-డి తో నకలు తీసుకోండి. నకలులో మధ్య ఆకు ఎడమ ఆకును కలిసే గుంట దగ్గర నోడ్‌ను, కుడి ఆకును కలిసే గుంట దగ్గర నోడ్‌ను ఎంచుకుని షిఫ్ట్-బి నొక్కితే ఆ రెండు చోట్లా పాత్ తెగుతుంది. అప్పుడు కంట్రోల్-షిఫ్ట్-కె, అంటే బ్రేక్ అపార్ట్, నిజంగా పనికొస్తుంది: మధ్య ఆకు పైభాగం ఒక తెరిచిన గీతగా, మిగతా అంచంతా మరో గీతగా వస్తాయి. రెంటికీ స్ట్రోక్ వేసి ఏది ఏదో చూసుకోండి.

మధ్య ఆకు గీత రెండు కొసలను ఎంచుకుని, కొత్త ముక్కతో కలపమనే బొత్తంతో, అంటే ఆల్ట్-జె తో మూసి, ఆ అడుగు గీత మీద ఒక నోడ్ చేర్చి కిందికి లాగి కాడ వైపు సన్నబడేలా వంచండి. పక్క ఆకులున్న గీతనూ అలాగే మూసి, దాని మూత గీతను మాత్రం వంచకుండా వదిలేయండి. ఆ మూత అసలు ఆకుల అంచు కాదు, నిజమే. కాని మధ్య ఆకు దాన్ని కప్పుతుంది, మూడూ ఒకే రంగులో ఉన్నాయి, మీరు జరపదలచినది కొద్దిగానే. ఎంత జరిపితే మూత గీత బయటపడుతుందో తెర మీదే తెలుస్తుంది, అక్కడ ఒక నోడ్ చేర్చి సర్దుకోవచ్చు. జరపడం అయ్యాక ఈసారి రెంటినీ గ్రూప్ చేసి అసలు ఫైలులో ఉంచండి, యూనియన్‌ను బయటికి పంపే నకలులో మాత్రమే చేయండి.